ఇతరములు: ఒకటి

బసలదిన్నె మండలంలో పదో తరగతి ఉన్న సర్కారు బడి ఒక్కటే. ఆ బడిలో లెక్కలు చెప్పే మాస్టరూ ఒక్కడే. పేరు మద్దిలేటి. ఏటా డిసెంబరు వచ్చిందంటే ఆయన చొక్కా జేబులోకి ఒక కాగితం చేరుతుంది. మార్చి దాటేదాకా అది జేబులోనే ఉంటుంది. చొక్కా ఉతుక్కి పోయినప్పుడల్లా కాగితం ఇంకో చొక్కాలోకి మారుతుంది.

ఆ కాగితంలో పిల్లల పేర్లుంటాయి. వాన ముఖం చాటేసిన ఆ వైపు ఊళ్లలో సుగ్గికి పోవడమంటే ఇంటికి తాళం వేసి, తట్టాబుట్టా సర్దుకుని, పిల్లామేకతో లారీ ఎక్కి గుంటూరు వైపు మిరప కోతలకు పోవడం. అమ్మానాన్నా పోతే పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు? వాళ్లూ పోతారు. ఈ ఏడు పదో తరగతిలో నలభై ఆరుగురు ఉంటే పంతొమ్మిది మంది లారీ ఎక్కారు. ఎవరెవరు ఏ ఊళ్లో ఏ తోటలో ఉన్నారో, తీసుకుపోయిన మేస్త్రీ ఫోను నంబరేమిటో మద్దిలేటి రాసి పెట్టుకున్నాడు. జాబితాలో మొదటి పేరు ఉరుకుందమ్మది. బోర్డు మీద లెక్క రాయడం పూర్తికాకముందే జవాబు చెప్పే పిల్ల. ఆ పిల్ల మార్చిలో పరీక్ష రాయకుండా మిరపకాయలు కోస్తూ ఉండిపోతుందేమోనన్న దిగులు మద్దిలేటిని అన్నం తిననిచ్చేది కాదు.

ఆయన అడిగింది పెద్ద కోరికేం కాదు. బడిలో వాడని గదులు రెండున్నాయి. ఒక వంటమనిషిని ఇచ్చి వాటిని హాస్టలు చేస్తే తల్లిదండ్రులు పిల్లల్ని వదిలిపెట్టి పోతారు. పోయినవాళ్లను కూడా పిలిపించవచ్చు. ఇదే విషయం మండల విద్యాధికారి ఆనందభూషణం గారికి అర్జీ రాశాడు. వారం తిరక్కుండా జవాబొచ్చింది.

"సదరు తరగతి సగటు హాజరు 59 శాతం. నిర్దేశిత 55 శాతానికి పైన ఉన్నది. కావున సమస్య లేదు."

ఆడపిల్లలు నష్టపోతున్నారని రెండో అర్జీ పెట్టాడు. ఆనందభూషణం గారు లెక్క తీయించారు. "బాలికల హాజరు 58, బాలుర హాజరు 59. వ్యత్యాసం ఒక్క శాతం మాత్రమే. వలసలో సైతం లింగ సమానత్వం పాటించినందుకు పాఠశాలకు అభినందనలు."

ఆ అభినందనల కాగితాన్ని హెడ్మాస్టరు వీరభద్రయ్య అద్దం కట్టించి గోడకు తగిలించాడు. మూడో అర్జీకి జవాబు రాలేదు.

ఇలా అంతా సవ్యంగా జరిగిపోతుండగా జనవరిలో సమతుల్య ఫలితాల మిషన్ వచ్చింది.

మిషన్ సిద్ధాంతం చాలా సులువైనది. పిల్లలు ఎంత చదివారన్నది ముఖ్యం కాదు. ఒక వర్గానికీ ఇంకో వర్గానికీ మధ్య తేడా ఉండకూడదు. ఆడ, మగ, కులం, మతం, మాతృభాష అని పిల్లల్ని గడులుగా విడగొట్టి, గడికో శాతం వేస్తారు. తేడా లేని గడి పచ్చగా వెలుగుతుంది, తేడా ఉన్న గడి ఎర్రబడుతుంది. బసలదిన్నెలో అర్ధ సంవత్సర లెక్కల పరీక్షలో ఆడపిల్లలు సగం మంది తప్పారు, మగపిల్లలూ సగం మంది తప్పారు. పచ్చ. ఏ కులం చూసినా సగమే. పచ్చ. తప్పడంలో ఇంత ఐకమత్యం ఉన్న మండలం జిల్లాలో ఇంకోటి లేదని ఆనందభూషణం గారు పొంగిపోతున్న సమయంలో, తెర మీద అట్టడుగున ఒక గడి ఎర్రగా కనిపించింది. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు.

మాతృభాష: ఇతరములు. గణితంలో ఉత్తీర్ణత: సున్నా శాతం.

మధ్యాహ్నానికల్లా జీపు బడి ముందు ఆగింది.

"హెడ్మాస్టరు గారూ, ఒక భాషా అల్పసంఖ్యాక వర్గం మీ బడిలో సంపూర్ణంగా విఫలమైంది. నూటికి నూరు మంది," అన్నారు ఆనందభూషణం గారు కుర్చీలో కూర్చోకుండానే.

వీరభద్రయ్య కుర్చీ ఇంకాస్త ముందుకు జరిపాడు. "అయ్యా, నూరు మంది లేరు."

"శాతంలో అంటున్నాను. వీళ్లు ప్రధానంగా ఏ ప్రాంతంలో నివసిస్తున్నారు?"

"బస్టాండు వెనకాల సార్," అన్నాడు మద్దిలేటి.

"జీవనోపాధి?"

"ఉగ్గాని బజ్జీల బండి."

"అందరిదీనా?"

"ఉండేది ఒగ పాపే సార్. మాయ. ముప్పై ఒగటి వచ్చినాయి. ముప్పై ఐదొస్తే పాసు."

ఇంతకాలం వర్గాలను గురించి మాట్లాడటమే తప్ప ఒక వర్గాన్ని పిలిపించి ఎదురుగా నిలబెట్టే అవకాశం ఏ అధికారికీ రాలేదు. "వర్గాన్ని పిలవండి," అన్నారు ఆనందభూషణం గారు.

మాయ వచ్చింది. పూర్తి పేరు మాయా థాపా. వాళ్ల తాత నలభై ఏళ్ల కింద నేపాలు నుంచి వచ్చి, ఊళ్లో రాత్రిపూట విజిలేసుకుంటూ కాపలా తిరిగి, ఇక్కడి పిల్లనే చేసుకున్నాడు. కొడుక్కి బజ్జీలు వేయడం వచ్చింది గానీ నేపాలీ రాలేదు. మనవరాలికి సంగటీ ఊరిమిండి పచ్చడీ లేనిదే ముద్ద దిగదు. ఒకటో తరగతిలో చేర్చుకున్న గుమాస్తా తాత ముఖం చూసి మాతృభాష దగ్గర నేపాలీ అని రాశాడు. కంప్యూటరు నేపాలీని ఎరగదు, 'ఇతరములు' అంది. అంతే జరిగింది.

ఆనందభూషణం గారు వంగి, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు, ఒక్కో మాటా విడదీస్తూ హిందీలో అడిగారు. "బేటీ, తుమ్‌కో, గణిత్ మే, క్యా కష్ట్ హై?"

మాయ మద్దిలేటి వైపు చూసింది. "సార్, ఈ సారుకి తెలుగు రాదా?"

ఆనందభూషణం గారి ముఖం వెలిగిపోయింది. జేబులోంచి డైరీ తీసి రాసుకున్నారు. 'వర్గానికి తెలుగు మీద అబ్బురపరిచే పట్టు కలదు. గణితంపై మాత్రమే కేంద్రీకరించవలెను.'

నిజానికి మాయ కష్టం ఏ డైరీలోనూ పట్టనంత చిన్నది. ఆరో తరగతి నుంచీ దానికి లెక్కలు విప్పి చెప్పేది పక్కన కూర్చునే ఉరుకుందమ్మ. ఉరుకుందమ్మ లారీ ఎక్కింది. లెక్కలు కూడా ఎక్కి పోయాయి. మద్దిలేటి ఆ మాటే చెప్పబోయాడు. "అది తెలుగు గడికి సంబంధించిన విషయం. తెలుగు గడి పచ్చగా ఉంది," అన్నారు ఆనందభూషణం గారు.

మర్నాటి నుంచి మద్దిలేటి టైము టేబులు మారిపోయింది. వారానికి ముప్పై పీరియడ్లు, ముప్పైయ్యీ ఇతరములకే. పదో తరగతి గదిలో ఒకే బెంచీ వేశారు. బెంచీ మీద మాయ, ఎదురుగా మద్దిలేటి, మధ్యలో సిద్ధాంతాలు. మిగతా ఇరవై ఆరుగురు వరండాలో కూర్చుని పాత పుస్తకాల్లో లెక్కలు చూసి రాసుకోవాలి. వాళ్లు పచ్చగా ఉన్నారు కనుక వాళ్లకు మాస్టరుతో పని లేదు.

వర్గానికి తల్లిదండ్రుల సంఘం ఉండాలని తాఖీదు వచ్చింది. నాన్న అధ్యక్షుడయ్యాడు, అమ్మ ఉపాధ్యక్షురాలయింది. కోరానికి ముగ్గురు కావాలి కనుక అవ్వను సభ్యురాలిగా వేసుకున్నారు. సమావేశం బజ్జీల బండి దగ్గర, నూనె కాగుతుండగా జరిగింది. వర్గానికి మాతృభాషలో సాయం చేసే మనిషి కావాలని ఇంకో తాఖీదు. జిల్లా అంతా వెతికితే నేపాలీ తెలిసినవాడు తాత ఒక్కడే దొరికాడు. ఆయనను తెచ్చి తరగతిలో కూర్చోబెట్టారు. నలభై ఏళ్లలో ఆ భాష ఆయన నోట్లోంచి ఎప్పుడో జారిపోయింది. ఊరికే కూర్చుంటే బాగోదని, పీరియడు మారినప్పుడల్లా విజిలేసేవాడు. బడి గంటకన్నా అదే నయమని పిల్లలు అలవాటు పడ్డారు.

పోషకాహార లోపం ఉండవచ్చని రోజుకు మూడు గుడ్లు మంజూరయ్యాయి. మాయ మొదటిరోజు మూడూ తిని కడుపు పట్టుకుని కూర్చుంది. రెండోరోజు నుంచి వరండాలోకి చేరవేయడం మొదలుపెట్టింది.

ఫిబ్రవరి మొదట్లో దానికి జ్వరం వచ్చింది. ఆ సాయంత్రానికి పైనుంచి ఫోను.

"ఇతరముల హాజరు ఒక్కరోజులో వంద నుంచి సున్నాకు పడిపోయింది. కారణం?"

"జ్వరం సార్," అన్నాడు వీరభద్రయ్య.

"వర్గంలో ఎంత శాతానికి?"

"వందకి."

ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమన్నట్టు, పొద్దున్నే అంటురోగాల నివారణ బృందం దిగింది. బస్టాండు వెనకాల మురిక్కాలవలో మందు కొట్టారు. బజ్జీల పిండిలో సగం సీసాలో నింపుకుని పరీక్షకు తీసుకుపోయారు. మాయ మూడోరోజు బడికొచ్చేసరికి హాజరు వంద శాతం పెరిగిందని అధికారుల వాట్సాప్ గ్రూపులో చప్పట్ల బొమ్మలు పడ్డాయి.

అదే వారం ఆనందభూషణం గారు తనిఖీకొచ్చి, వరండాలో ఆగిపోయారు. కిటికీ తెరిచి ఉంది. ఇరవై ఆరుగురు పిల్లలు ఒకరి మీద ఒకరు పడి, కిటికీ ఊచల్లోంచి లోపలి బోర్డు చూసి లెక్కలు ఎక్కించుకుంటున్నారు. మద్దిలేటి కూడా, ఎవరి కోసమో తెలియదు గానీ, ఊరవతలికి వినపడేంత గట్టిగా పాఠం చెబుతున్నాడు.

"ఏమిటిది?" అన్నారు ఆనందభూషణం గారు.

"వింటాండారు సార్. చెవులు గదా, మూతలుండవు."

"మద్దిలేటి గారూ, మీరు లెక్కల మాస్టరు. నేను మీకు చెప్పాలా? ఇతరములు పైకి రావాలి. తెలుగు అక్కడే ఉండాలి. అప్పుడే కదా అంతరం తగ్గేది. ఇటు వీళ్లూ నేర్చుకుంటూ పోతే అంతరం ఎప్పటికి పూడుతుంది?"

ఇరవై రెండేళ్ల సర్వీసులో మద్దిలేటి ఎన్నో తాఖీదులు చూశాడు, మరుగుదొడ్లు లెక్కపెట్టాడు, ఓటర్లను లెక్కపెట్టాడు, ఒకసారి మేకలను కూడా లెక్కపెట్టాడు. పిల్లలు పాఠం వింటున్నారని కోప్పడిన అధికారిని చూడటం ఇదే మొదలు.

కిటికీ మూయించి, బయటి నుంచి గడియ పెట్టించి, ఆనందభూషణం గారు జీపెక్కారు.

గదిలో చీకటి పడింది. మద్దిలేటి సుద్దముక్క బల్ల మీద పడేసి కుర్చీలో కూలబడ్డాడు. ఒళ్లు మండిపోతోంది, ఎవరి మీద చూపించాలో తెలియడం లేదు. మాయ బెంచీ మీద ఏడుస్తోంది, చప్పుడు రాకుండా.

"ఏంటికి పాపా ఏడుస్తావు?"

"నాకి భయమైతాంది సార్. నేను ఒగదాన్ని తప్పితే అందరూ తప్పినట్ల అంట గదా. హెచ్చెమ్ సారు చెప్పినాడు. ఉరుకుందు ఉంటే దాని పక్కన కూసోని నేర్చుకుంటాంటి. ఇప్పుడు కిటికీ గూడ మూసిరి."

మద్దిలేటి జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. మడతల దగ్గర చినుగుతోంది. "మూడు సార్లు రాస్తి. సగటు బాగుండాదంట. నేనేం చేసేది?"

మాయ ముక్కు తుడుచుకుని కాగితం చూసింది. చూసి చూసి అంది. "సార్, నాకి జరమొస్తే జీపొచ్చె, డాకటర్లొచ్చిరి. నేను ఒగదాన్నే గడిలో ఉంటి గాబట్టే గదా. వాళ్లు పంతొమ్మిది మంది పోతే ఒగ సైకిలు గూడ పోకపాయ. వాళ్లకి గూడ ఒగ గడి ఇప్పియ్యలేమా?"

"కొత్త గడి మన చేతిలో లేదు పాపా."

"కొత్తది ఇయ్యకుంటే, పాత గడిలోంచి బడికొచ్చేటోళ్లంతా లేచొస్తే? నా గడిలో శానా చోటుండాది సార్. వాళ్లంతా ఈ పక్కకి జరిగితే, ఆ పక్క సుగ్గికి పోయినోళ్లే మిగుల్తారు."

మద్దిలేటి సుద్దముక్క మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. ఈ పిల్ల లెక్కల్లో ముప్పై ఒకటి తెచ్చుకుంది. జిల్లా మొత్తం మీద మిషన్ లెక్క అర్థమైంది దీనికొక్కదానికే.

సంగతేమిటంటే, మాతృభాష తప్పు పడి ఉంటే దిద్దుకోవడానికి కంప్యూటరులో మూడు రోజులు వెసులుబాటు ఇచ్చారు. విద్యార్థి స్వయంగా సంతకం చేసి చెప్పిందే ప్రమాణమని రూలు కూడా ఉంది. ఇప్పుడు తెలుగు గడిలో నలభై ఐదుగురు, ఇతరముల్లో ఒకరు. బడిలో ఉన్న ఇరవై ఆరుగురూ ఇతరముల్లోకి జరిగితే తెలుగులో పంతొమ్మిది మంది మిగులుతారు. ఆ పంతొమ్మిది మందీ మిరప తోటల్లో ఉన్నారు.

మద్దిలేటికి అబద్ధం ఆడటం చేతకాదు. ఆ రాత్రంతా పక్క మీద దొర్లాడు. తెల్లవారుజామున ఒకటి తట్టింది: నిజమైన అంకెలు వేసి 'సమస్య లేదు' అని అబద్ధం రాసినవాళ్లు హాయిగా నిద్రపోతున్నారు. అబద్ధపు గడి వేసి నిజం చెప్పడానికి తానెందుకు జంకాలి? లేచి ముఖం కడుక్కుని బడికి పోయాడు.

ముందు వీరభద్రయ్యకు చెప్పాడు, అది కూడా సగమే. "సార్, ఒగ పాపను పాసు చేయించడం కష్టం. పాసయ్యే పిల్లల్ని ఆ పాప గడిలోకి తెస్తే గడే పాసైతాది."

వీరభద్రయ్య ఆ మాటను రెండుసార్లు చెప్పించుకుని, తన సొంత ఆలోచనగా ఆనందభూషణం గారికి ఫోను చేశాడు. అరగంటలో జీపు వచ్చింది. ఆనందభూషణం గారు లెక్క వేయించారు. బడికొచ్చే ఇరవై ఆరుగురిలో ఇరవై మంది పాసయ్యేవాళ్లు. ఇతరముల ఉత్తీర్ణత సున్నా నుంచి డెబ్బై నాలుగు శాతానికి ఎగబాకుతుంది. ఒక్క రోజులో, ఒక్క పాఠం కూడా చెప్పకుండా.

"దీన్నే వ్యూహాత్మక పునర్వర్గీకరణ అంటారు," అన్నారాయన. ఎవరంటారో ఎవరూ అడగలేదు. "మొత్తం నలభై ఆరుగురినీ మార్చేయండి."

"పంతొమ్మిది మంది సంతకం పెట్టనీకి ఇక్కడ లేరు సార్. స్వయంగా పెట్టాలని రూలుండాది," అన్నాడు మద్దిలేటి.

"రూలు రూలే. వాళ్లను తెలుగులోనే ఉండనివ్వండి. తెలుగుకు ఏ లోటూ లేదు కదా."

అక్కడితో మద్దిలేటి పని అయిపోయింది. ఆయన చూపు ఎర్రగడి మీద ఉంది. లేచి వచ్చేసిన గడిలో ఎవరు మిగిలారో చూసుకునే అలవాటు ఆ ఆఫీసులో ఎవరికీ లేదు.

వరండాలో బల్ల వేసి సంతకాలు తీసుకున్నారు. నరసప్ప అనే పిల్లవాడు పెన్ను పట్టుకుని ఆగిపోయాడు. "సార్, మా యమ్మ తిట్టేది తెలుగులోనే గదా."

"పెట్టు రా. తిట్లు అవే ఉంటాయి," అంది మాయ. మూడు వారాలుగా బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న పిల్ల ఆ రోజు అందరికీ పేరుపేరునా తన గడిలోకి దారి చూపించింది.

మూడోరోజు హెడ్మాస్టరు గదిలో వీడియో సమావేశం. పాతిక మండలాల అధికారులు తెర మీద తపాలా బిళ్లల్లా కనిపిస్తున్నారు. మధ్యలో మిషన్ డైరెక్టరు మేడం. బసలదిన్నె వంతు రాగానే ఆనందభూషణం గారు గొంతు సవరించుకున్నారు. పక్కన వీరభద్రయ్య, వెనక గోడకు ఆనుకుని మద్దిలేటి.

"మేడం, ఇతరముల హాజరు నూరు శాతం. ఉత్తీర్ణత డెబ్బై నాలుగు. క్షేత్రస్థాయిలో నిబద్ధతతో కూడిన..."

"అది చూశాను," అన్నారు మేడం. "దాని పైగడి చూడండి."

ఆనందభూషణం గారు చూశారు. తెలుగు: నమోదు పంతొమ్మిది. హాజరు సున్నా. గడి ఎర్రగా కాదు, నల్లగా కనిపిస్తోంది. అంతరం నూరు శాతం దాకా పోతుందని కంప్యూటరు రాసినవాళ్లు ఊహించలేదు కనుక దానికి రంగు పెట్టలేదు.

"తెలుగువాళ్ల మండలంలో తెలుగు పిల్లలు ఒక్కరు కూడా బడికి రావడం లేదు. ఇతర భాషలవాళ్లు నూటికి నూరు వస్తున్నారు. ఇది రేపు పేపర్లో పడితే నన్ను ఏం చెప్పమంటారు? మీరు తెలుగు పిల్లల్ని ఏం చేశారు?"

ఆనందభూషణం గారు చేతిలోని కాగితాలు తిరగేశారు. "మేడం, సగటు చూస్తే మాత్రం యాభై తొమ్మిది..."

"సగటు సంగతి నాకెందుకు? డెబ్బై రెండు గంటలు. ఆ పంతొమ్మిది మంది తరగతిలో ఉండాలి. వాహనం పెట్టండి, హాస్టలు పెట్టండి, ఏం కావాలో పెట్టండి. ఇంతకీ వాళ్లెక్కడున్నారో తెలుసా మీకు?"

ఆనందభూషణం గారు వీరభద్రయ్యను చూశారు. వీరభద్రయ్య గోడ మీది అభినందన పత్రాన్ని చూశాడు. మద్దిలేటి జేబులోంచి కాగితం తీసి, మడతలు విప్పి, బల్ల మీద పెట్టాడు. పంతొమ్మిది పేర్లు, పంతొమ్మిది తోటలు, మేస్త్రీల ఫోను నంబర్లు.

"ఇది ఎప్పుడు తయారు చేశారు?" అన్నారు ఆనందభూషణం గారు గొంతు తగ్గించి.

"డిసెంబరులో సార్. మీకు మూడు కాపీలు పంపిస్తి."

ఆ సాయంత్రమే రెండు బస్సులు గుంటూరు వైపు బయలుదేరాయి. ముందు ఆనందభూషణం గారి జీపు. వాడని రెండు గదులకూ రాత్రికి రాత్రి సున్నం కొట్టించారు. వంటమనిషిని వేశారు. మూడు అర్జీలు పెట్టినా కదలని హాస్టలు ముప్పై గంటల్లో లేచి నిలబడింది. పేరు మాత్రం వలస హాస్టలు కాదు. 'అంతరించిపోతున్న తెలుగు విద్యార్థుల సంరక్షణా కేంద్రం' అని బ్యానరు కట్టారు.

తోటల్లో జనం మొదట భయపడ్డారట. సర్కారు జీపు దిగి, చేతులు జోడించి, మీ పిల్లల్ని బడికి పంపండి, తెలుగు జాతి పరువు మీ చేతుల్లో ఉంది అని ఒక ఆఫీసరు బతిమాలుతుంటే ఉరుకుందమ్మ తండ్రి ఈరన్న నమ్మలేదు. ఓట్లు ఎప్పుడని అడిగాడు. మద్దిలేటి సారు ఫోనులో మాట్లాడి, హాస్టలు నిజమే, అన్నం పెడతారు, పరీక్ష అయ్యేదాకా పిల్ల నా పూచీ అని చెప్పాక, కూతురి సంచి తెచ్చి బస్సులో పెట్టాడు.

బస్సులు మూడోరోజు పొద్దున వచ్చాయి. డప్పులు పెట్టారు. పిల్లలు ఒక్కొక్కరే దిగుతుంటే ఆనందభూషణం గారు మెడలో దండలు వేశారు. ఎండకు వాడి, మిరప ఘాటుకు కళ్లు ఎర్రబడి, తాము చేసిన ఘనకార్యమేమిటో తెలియక వాళ్లు బిక్కుబిక్కుమంటూ నిలబడ్డారు. "తెలుగు తల్లి ముద్దుబిడ్డలు తిరిగి వచ్చారు," అని ఆనందభూషణం గారు మైకులో అన్నారు. కంప్యూటరులో తెలుగు గడి పచ్చబడింది. అంతరాన్ని నూరు నుంచి సున్నాకు డెబ్బై రెండు గంటల్లో తగ్గించడం మిషన్ రికార్డట. ఆయనకు శాలువా కప్పారు. బసలదిన్నె నమూనాను మిగతా మండలాలూ అనుసరించాలని మర్నాడు తాఖీదు వెళ్లింది. ఏం అనుసరించాలో అందులో రాయలేదు.

డప్పులవాళ్లు వెళ్లిపోయాక తాత విజిలేశాడు. లెక్కల పీరియడు.

గదిలోకి బెంచీలన్నీ తిరిగి తెచ్చారు. మద్దిలేటి వరండాలోకి పోయి, తన చేత్తో కిటికీ గడియ తీసి, రెక్కలు బార్లా తెరిచి లోపలికొచ్చాడు. ఉరుకుందమ్మ మాయ పక్కన కూర్చుని ఉంది. దాని వేళ్లు మిరప కాకకు తోలు ఊడి ఉన్నాయి. పెన్ను పట్టుకోలేక బొటనవేలికి గుడ్డ చుట్టుకుంటోంది. మాయ తన మూడు గుడ్లూ దాని ముందు పెట్టింది. ఉరుకుందమ్మ ఒకటి తీసుకుని, రెండు వెనక్కి పంపించింది.

హాజరు పట్టీ ఇప్పుడు రెండు భాగాలుగా ఉంది. ముందు తెలుగు, తరవాత ఇతరములు, విడివిడిగా పిలవాలని ఉత్తర్వు. మద్దిలేటి దాన్ని మూసి పక్కన పెట్టాడు. జూన్ నాటి పాత పట్టీ తీశాడు. గడులు లేని పట్టీ, పేర్లు మాత్రమే. ఈరమ్మ నుంచి మొదలుపెట్టాడు.

"ఈరమ్మ."

"ఉండా సార్."

"ఉరుకుందమ్మ."

డిసెంబరు నుంచి ఆ పేరు పిలిచి, ఒక్క క్షణం ఆగి, ఆబ్సెంటు వేసి ముందుకు పోవడం ఆయనకు అలవాటైపోయింది. ఇవాళ కూడా ఆగాడు.

"ఉండా సార్," అంది ఉరుకుందమ్మ. "త్రికోణమితి అయిపోయిందా?"

"లేదు తల్లీ," అన్నాడు మద్దిలేటి. కళ్లు తుడుచుకోవడానికి అటు తిరిగి, తిరిగినందుకు ఏదో ఒక పని ఉండాలి కదా అని బోర్డు తుడిచాడు. మిగతా నలభై నాలుగు పేర్లూ పిలవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.